అరగని కొవ్వు, ఆగని రక్తం



కుక్క ముక్కులోంచి రక్తం కారితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, వేడి చేసిందని. తలమీద నీళ్లు పోస్తారు, పలచని మజ్జిగ పట్టిస్తారు, నీడలో కట్టేస్తారు. వడదెబ్బ ముదిరితే కుక్కకు రక్తం పోవడం ఉన్నదే. కాని ఆ కుక్క లేచి తోక ఊపదు, పడిపోయి రొప్పుతూ ఉంటుంది. మామూలుగా తిరుగుతున్న కుక్కకు ముక్కులోంచో, చిగుళ్లలోంచో రక్తం వస్తుంటే నెపం ఎండ మీద వేసి ఊరుకోకూడదు. అలాంటి రక్తస్రావానికి ఉన్న కారణాల్లో ఒకదాని గురించి ఈ పూట మాట్లాడతాను. అది తరచుగా కనిపించేది కాదు. పట్టుకోగలిగితే ఖరీదు లేని మందుతో ఒకటి రెండు రోజుల్లో కుక్క తేరుకుంటుంది. పట్టుకోలేకపోతే దక్కదు. ఆ కారణం ఉండేది పేగులో.

పేగుకీ ముక్కుకీ మధ్య ఉన్న లంకె పేరు విటమిన్ కె. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పురుడు పోసుకుని ఉంటే, బిడ్డ పుట్టగానే తొడకు ఒక చిన్న సూది వేయడం మీరు చూసే ఉంటారు. అది ఈ విటమినే. పసిబిడ్డ ఒంట్లో ఇది చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి మెదడులోనో కడుపులోనో రక్తం చిమ్మకుండా ముందుజాగ్రత్తగా ఇస్తారు. పైత్యనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్లకు ఆపరేషన్‌కు ముందు ఇచ్చేదీ ఇదే.

దీన్ని కనిపెట్టిన కథ కోళ్లతో మొదలైంది. 1929 ప్రాంతంలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన దాణా పెట్టి చూస్తున్నాడు. ఆయన తెలుసుకోవాలనుకున్నది కొలెస్టరాల్ సంగతి. కొన్ని వారాలయ్యేసరికి పిల్లలకు చర్మం కిందా కండరాల్లోనూ రక్తం చేరడం మొదలైంది. తీసిన రక్తం గడ్డకట్టడం లేదు. కొలెస్టరాల్ తిరిగి కలిపినా ప్రయోజనం లేకపోయింది. కొవ్వుతోపాటు దాణాలోంచి ఇంకేదో వెళ్లిపోయిందని ఆయన గ్రహించి, 1935లో ఆ ఇంకేదోకి విటమిన్ కె అని పేరు పెట్టాడు. తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ దాన్ని శుద్ధంగా విడదీశాడు. ఒక రూపం లూసర్న్ గడ్డిలోంచి వచ్చింది, రెండో రూపం కుళ్లిన చేపపొడిలోంచి. పచ్చని ఆకులో ఉండేది కె1, సూక్ష్మజీవులు తయారుచేసేది కె2. 1943 నోబెల్ బహుమతిని డామ్, డాయిజీ పంచుకున్నారు.

దాదాపు అదే కాలంలో ఇంకో కథ పశువుల కొట్టాల్లో నడిచింది. మా పశువైద్యులకు అదంటే కొంచెం మమకారం. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తర ప్రాంతాల్లోనూ ఆవులు, కోడెలు కొమ్ములు కోసినా చాలు, రక్తం ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులకే ఇలా అవుతోందని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు గుర్తించాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకాయన మంచుతుపానులో బండి తోలుకుంటూ మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, కొంత గడ్డి, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తం. అక్కడి రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషపదార్థాన్ని 1939లో బయటికి తీసింది. దాని దాయాదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది, కొన్నేళ్లకే గుండెజబ్బు మనుషులకు మందయింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు వాడిన మందుల్లో ఇదొకటి. గుండె కవాటం మార్పించుకుని ఈ జాతి మాత్రలు వేసుకునేవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. తోటకూర, పాలకూర ఒకరోజు కుప్పగా తిని మర్నాడు మానేయొద్దని వాళ్లకు డాక్టర్లు చెబుతారు. ఆకులోని కె, మాత్ర చేసే పనికి అడ్డం తగులుతుంది మరి.

ఇంతకీ ఈ విటమిన్ చేసే పని ఏమిటి? రక్తం గడ్డకట్టడానికి కావలసిన మాంసకృత్తుల్లో నాలుగింటిని, అంటే రెండు, ఏడు, తొమ్మిది, పది అని నంబర్లతో పిలిచే వాటిని, కాలేయం తయారుచేస్తుంది. చేసినంత మాత్రాన అవి పనికిరావు. కాల్షియంని పట్టుకునే శక్తి వాటికి కలగాలి. అప్పుడే అవి గాయం దగ్గర అతుక్కుని ఒకదాన్నొకటి రేపుకుంటూ గడ్డ కట్టిస్తాయి. ఆ శక్తినిచ్చే ఆఖరి మెరుగు కె వల్లే పడుతుంది. కె లేకపోయినా కాలేయం తన పని మానదు. మాంసకృత్తులు తయారవుతూనే ఉంటాయి, రక్తంలో తిరుగుతూనే ఉంటాయి, సమయానికి ఒక్కటీ అక్కరకు రాదు.

ఒంట్లో కె నిల్వ చాలా స్వల్పం. విటమిన్ ఎ కాలేయంలో నెలలకు సరిపడా దాగి ఉంటుంది, కె అలా కాదు. అయితే శరీరం పొదుపరి. ఒకసారి వాడిన కె ను మళ్లీ బాగుచేసుకుని వాడుకుంటుంది, అదే అణువు ఎన్నోసార్లు తిరుగుతుంది. ఎలుకల మందు ఈ తిరగవాడకాన్ని తెగ్గొడుతుంది. పేగు జబ్బులో తిరగవాడకం బాగానే ఉంటుంది, రావలసిన కొత్త సరుకు రాదు. అందుకే ఎలుకల మందు తిన్న కుక్క మూడు నుంచి అయిదు రోజుల్లోనే కూలిపోతే, పేగు జబ్బున్న కుక్క వారాలు, నెలలు నెట్టుకొచ్చి ఒక పొద్దున హఠాత్తుగా రక్తం కక్కుకుంటుంది. ఇంట్లోవాళ్లు ఆ పొద్దున సంగతే చెబుతారు. ముందటి నెలల సంగతి ఎవరైనా అడిగితేనే బయటికి వస్తుంది.

ఆ నెలల్లో పేగులో ఏం జరిగిందో చూద్దాం. ఎ, డి, ఇ, కె అనే నాలుగు విటమిన్లు నీళ్లలో కరగవు, కొవ్వు వెంటే ప్రయాణిస్తాయి. తిన్న కొవ్వు పేగులోని నీళ్లలో కలవాలంటే పైత్యరసం కావాలి. తలంటు పోసుకునేటప్పుడు కుంకుడు రసం నూనె జిడ్డును నీళ్లలోకి లాగేసినట్టు, పైత్యరసం కొవ్వును సన్నగా విరగ్గొట్టి నీళ్లలో కలుపుతుంది. క్లోమరసం దాన్ని అరిగిస్తుంది. పేగు లోపలి పొర మీద వేలకొద్దీ ఉండే చూషకాలు దాన్ని పీల్చుకుంటాయి. ఒక్కొక్క చూషకం నడుమ ఒక శోషరస నాళం ఉంటుంది, కొవ్వు, దానితోపాటు ఈ నాలుగు విటమిన్లు ఆ నాళం దారినే రక్తంలోకి చేరతాయి. ఈ వరసలో ఏ మెట్టు విరిగినా కొవ్వు మలంలోకి పోతుంది, విటమిన్లు కూడా వెంట పోతాయి.

కుక్కల దీర్ఘకాలిక పేగు జబ్బు అంటే మూడు వారాలకు మించి విరేచనాలు, వాంతులు, బరువు తగ్గడం, వీటిలో ఏదో ఒకటో, కలిసో ఉండటం. పరీక్షలన్నీ చేసి నులిపురుగులు, కాలేయ, మూత్రపిండాల జబ్బులు వంటి కారణాలు తీసేశాక మిగిలేది పేగు గోడలో తిష్ఠవేసిన వాపు. శరీర రక్షణ వ్యవస్థ, తిండి, పేగులోని సూక్ష్మజీవులు, ఈ మూడింటి మధ్య పొత్తు చెడి వచ్చే వాపు ఇది. చూషకాలు మొద్దుబారి పొట్టివైపోతాయి. కొన్ని కుక్కల్లో శోషరస నాళాలు ఉబ్బి, పగిలి, రక్తంలోని మాంసకృత్తులు కూడా పేగులోకి కారిపోతాయి. యార్క్‌షైర్ టెరియర్, మాల్టీస్, రాట్‌వైలర్ జాతుల్లో ఈ రకం ఎక్కువ. మనవాళ్లు అల్సేషన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్‌లో ఇంకో జబ్బుంది, క్లోమంలో అరిగించే రసం చేసే భాగం ఎండిపోవడం. ఆ కుక్క ఎంత పెట్టినా తింటుంది, ఎముకలు మాత్రం బయటపడుతుంటాయి, మలం కుప్పలుగా, పాలిపోయి, జిడ్డుగా ఉంటుంది. దానికి క్లోమరసపు పొడి తిండిలో కలిపి పెట్టాలి. ఆ కుక్కకూ కె లోపించవచ్చు.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పక తప్పదు. కుక్కకు పలచగా పోతోందంటే మందుల షాపుకు వెళ్లి మెట్రోనిడజోల్ తెచ్చి వేయడం. మూడు రోజులు తగ్గుతుంది. మళ్లీ మొదలవుతుంది, మళ్లీ వేస్తారు. నెలలపాటు ఇలా గడిచిన కుక్కలను చూస్తే నాకు కోపం కన్నా దిగులు ఎక్కువ. అసలు జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది. పెద్దపేగులో కె2 చేసే సూక్ష్మజీవులు మందు దెబ్బకు తగ్గిపోతాయి. దానికి తోడు కుక్క తిండి తగ్గించేసి ఉంటుంది. లోపలికి రావలసిన కె అన్ని దారుల్లోనూ ఒకేసారి తగ్గుతుంది.

మరి కె తగ్గి రక్తం పలచబడ్డ కుక్క ఎలా కనిపిస్తుంది? రక్తపరీక్షకు సూది గుచ్చిన చోట మర్నాటికి నల్లని కమిలిన మచ్చ, కొన్నిసార్లు నిమ్మకాయంత బుడిపె. కొత్తగా కుంటడం, ఎందుకంటే కీలులోకి రక్తం చేరింది. ముక్కు రక్తం. మలం నల్లగా, జిగటగా రావడం. అన్నిటికన్నా ప్రమాదం బయటికి కనిపించని రక్తం. ఛాతీలోకి చేరితే ఆయాసం, పొట్టలోకి చేరితే పొట్ట బిగువు, చిగుళ్లు తెల్లబడటం, నీరసం.

మన దగ్గర రక్తం కారే కుక్కను చూసి ఏ పశువైద్యుడైనా ముందు అనుకునేది పిడుదుల జ్వరం. కొన్ని ఊళ్లలో పిడుదులను గోమార్లంటారు. గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా ఎర్లీకియా అనే సూక్ష్మజీవి వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల పేరు తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. ఆ అనుమానం సరైనదే, మన వాతావరణంలో అదే మొదటి స్థానంలో ఉండాలి. తేడా పట్టుకోవడానికి కొంత సాయం కంటితోనే దొరుకుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల మీద, పొట్ట అడుగున సూదిమొన గుచ్చినట్టు సన్నని ఎర్రచుక్కలు కనిపిస్తాయి. కె తగ్గితే చుక్కలు అరుదు, పెద్ద పెద్ద కమిలిన మచ్చలు, కీళ్లలో, ఛాతీలో రక్తం ఎక్కువ. ఇది కచ్చితమైన గీత కాదు, ఒకే కుక్కకు రెండూ ఉండవచ్చు కూడా. అందుకని ప్లేట్‌లెట్ల లెక్కతో ఆగిపోకుండా రక్తం గడ్డకట్టే సమయాన్ని కూడా కొలవాలి.

పిడుదుల జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడినప్పుడు పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ ప్రయోగశాలలోనే, ఆయన నాయకత్వంలోనే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సుబ్బారావు గారి ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో పోయారు. చిన్నపేగు చెడి, తిన్నది ఒంటబట్టక, విటమిన్లు లోపించి మనిషి శుష్కించిపోయే జబ్బది. ఆయనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. పేగు చెడితే విటమిన్ ఎలా జారిపోతుందో సొంత ఇంట్లో చూసిన మనిషి ఆయన. పేగు జబ్బు కుక్కల్లో మేము ఈ రోజు కొలిచే విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం కూడా ఒకటి. చిన్నపేగు మొదటి భాగం దెబ్బతింటే అది తగ్గుతుంది, చివరి భాగం దెబ్బతింటే బి12 తగ్గుతుంది.

మళ్లీ రక్తం దగ్గరికి వస్తాను. గడ్డకట్టే సమయానికి రెండు ముఖ్యమైన పరీక్షలున్నాయి. వాటిలో పి.టి. అనేది కె లోపానికి ముందుగా పలుకుతుంది. కవాటం ఆపరేషన్ అయినవాళ్లకు నెలనెలా ఐ.ఎన్.ఆర్. అని చూసేది దీన్నే. ఇందాక చెప్పిన నాలుగు మాంసకృత్తుల్లో ఏడో నంబరుది అందరికన్నా అల్పాయుష్షు, కొన్ని గంటల్లో సగానికి పడిపోతుంది. సరఫరా ఆగితే మొదట ఖాళీ అయ్యేది అదే, పి.టి. ముఖ్యంగా కొలిచేది దాన్నే. రక్తాన్ని సిట్రేట్ కలిపిన నీలంమూత గొట్టంలో గీత దాకా సరిగ్గా నింపాలి, తక్కువ పోస్తే లెక్క తప్పుతుంది. ఇలాంటి కుక్కకు మెడ నరంలో సూది గుచ్చకూడదు. కాలి నరంలో సన్నని సూదితో తీసి, ఆ చోట కనీసం అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

ఈ పరీక్ష రక్తం కారుతున్న కుక్కకే అనుకోవద్దు. నెలల తరబడి విరేచనాలతో చిక్కిపోయిన కుక్కకు ఎండోస్కోపీ గొట్టం వేసి పేగు ముక్క తీయాలన్నా, కాలేయంలో సూది గుచ్చాలన్నా, ఆఖరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలన్నా ముందు పి.టి. చూసుకోవడం మంచిది. బయటికి ఏ లక్షణమూ లేకుండా లోపల సమయం పెరిగి ఉండే కుక్కలు ఉంటాయి. ఆ కుక్కకు కత్తెర పడేదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కొంచెం తిరకాసు సంగతి. పేగులోంచి మాంసకృత్తులు కారిపోయే కుక్కల్లో ఎక్కువగా జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రక్తం అతిగా గడ్డకడుతుంది. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే యాంటీథ్రాంబిన్ అనే మాంసకృత్తి, పరిమాణంలో ఆల్బుమిన్‌కు దగ్గరగా ఉంటుంది. ఆల్బుమిన్ కారిపోయే కంతలోంచి అదీ పోతుంది. అప్పుడు ఊపిరితిత్తుల నాళాల్లో గడ్డ అడ్డుపడి కుక్క ఉన్నపళంగా ఆయాసపడి పోవచ్చు. అందువల్ల అలాంటి కుక్కలకు గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు ఇస్తారు. ఒకే జబ్బు, ఒక కుక్కలో రక్తాన్ని గడ్డకట్టించి చంపుతుంది, ఇంకో కుక్కలో ఆగనివ్వక చంపుతుంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఆయాసపడుతూ వస్తాయి. కె తగ్గిన కుక్కకు గడ్డకట్టకుండా ఉండే మాత్ర వేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పేగు జబ్బును చూసే డాక్టరుకు ఇంతకన్నా ఇరకాటపు చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఈ ఇరకాటంలోంచి దారి చూపేది మళ్లీ ఆ పి.టి. పరీక్షే.

చికిత్స మాత్రం సులువు. కె1 ఇంజెక్షన్ చర్మం కింద, సన్నని సూదితో ఇవ్వాలి. కండలోకి ఇస్తే అక్కడే రక్తం గూడు కడుతుంది. నరంలోకి ఇస్తే ప్రాణాంతకమైన అలర్జీ వచ్చే ప్రమాదముంది. కాలేయంలో అప్పటికే తయారై పడి ఉన్న మాంసకృత్తులకు మెరుగు పడటం వెంటనే మొదలవుతుంది. చాలా కుక్కల్లో మర్నాటికి పి.టి. తగ్గుముఖం పడుతుంది, రెండు రోజుల్లో మామూలుకు వస్తుంది. ఆ వేగమే రోగనిర్ధారణ కూడా. కాలేయమే పాడై ఉంటే కె ఎంత ఇచ్చినా లెక్క అంతగా మారదు. అక్కడ లేనిది ముడిసరుకు, మెరుగు కాదు.

చీటీ మీద కె1 అని ఉందో లేదో చూసి మందు తీసుకోండి. కె3 అనే కృత్రిమ రూపం కూడా దొరుకుతుంది, దాణాల్లో కలుపుతారు. రక్తం కారుతున్న కుక్కకు అది పనికిరాదు.

రక్తం బాగా పోయి చిగుళ్లు తెల్లబడిన కుక్కకు సూది పనిచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. దానికి ఇంకో కుక్క రక్తమో, ప్లాస్మానో ఎక్కించాలి. మనుషులకున్నట్టు కుక్కలకు ఊరూరా రక్తనిధులు లేవు. కాబట్టి ఆరోగ్యంగా, పెద్దగా ఉన్న కుక్కను తీసుకొచ్చే స్నేహితుడు ఆ రోజు దేవుడు. మొదటిసారి రక్తం ఎక్కించుకునే కుక్కకు వేరే గుంపు రక్తంతోనూ సాధారణంగా పెద్ద ఇబ్బంది రాదు. మనుషులకున్నట్టు పుట్టుకతో ఎదురు తిరిగే ప్రతిరక్షకాలు వాటికి అంతగా ఉండవు. రెండోసారి మాత్రం గుంపు కలిపి చూడకుండా ఎక్కించకూడదు.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఆకుకూరలో కె ఉందంటున్నారు కదా, తోటకూర ఉడికించి పెడితే సరిపోదా అని. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పెడితే తప్పులేదు. ఈ కుక్కకు లోపించింది తోటకూర కాదు, దాన్ని పీల్చుకునే పేగు. ఎలుకల మందు తిన్న కుక్కకైతే కె1 మాత్రను కాస్త కొవ్వున్న తిండితో ఇమ్మంటాం, బాగా ఒంటబడుతుందని. శోషరస నాళాలు ఉబ్బిన కుక్కకు ఆ సలహా తిరగబడుతుంది. దానికి కొవ్వే శత్రువు. అందుకే నోటిని, పేగును తప్పించుకుని చర్మం కింద ఇచ్చే సూది.

కె తగ్గిన కుక్కకు మిగతావీ తగ్గి ఉంటాయి. విటమిన్ డి సంగతి ఎవరికీ గుర్తురాదు. పొద్దున్నే ఎండలో పడుకోబెడుతున్నాం కదా అంటారు. మనిషి చర్మం ఎండలో డి తయారుచేసుకున్నట్టు కుక్క చర్మం తగినంత చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. పేగు జబ్బులో డి బాగా పడిపోయిన కుక్కలు కోలుకునే అవకాశం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాల్షియం కూడా దానితోపాటు దిగితే కండరాలు అదురుతాయి, ఫిట్స్ వస్తాయి. బి12 తగ్గిన కుక్క ఏ మందుకూ సరిగ్గా స్పందించదు. దానికి వారానికొక సూది చొప్పున ఆరు వారాలు ఇవ్వడం పాత పద్ధతి. రోజూ మాత్ర వేసినా పనిచేస్తుందని ఈ మధ్య తేలింది. సూదికి భయపడే కుక్క, కుక్కకు భయపడే యజమాని ఇద్దరికీ ఇది శుభవార్త.

ఇదంతా ఇచ్చినా అసలు పేగును బాగుచేయకపోతే కె మళ్లీ తగ్గుతుంది. దీర్ఘకాలిక పేగు జబ్బు కుక్కల్లో పెద్ద భాగం ఒక్క తిండి మార్పుతోనే దారికొస్తాయి. ఇంతకుముందెన్నడూ తినని మాంసం ఒక్కటే పెట్టడమో, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చేసిన ప్రత్యేక దాణా పెట్టడమో చేస్తారు. రెండు మూడు వారాల్లో తేడా తెలియాలి. ఆ రెండు మూడు వారాలూ ఇంకేదీ నోట్లోకి పోకూడదు. ఇక్కడే మన ఇళ్లలో లెక్క తప్పుతుంది. దాణా గిన్నెలో దాణా ఉంటుంది, తాతగారి చేతిలో మేరీ బిస్కెట్ ఉంటుంది, పెరుగన్నం చివరి ముద్ద కుక్కది, ఆదివారం కోడి తోలు, ఎముకలు కుక్కవి. ఆ తర్వాత ఖరీదైన దాణా పనిచేయలేదని డాక్టరు మీద నింద. తాతగారిని ఒప్పించడం ఏ మందు రాయడంకన్నా కష్టమని అనుభవంతో చెబుతున్నాను.

శోషరస నాళాలు ఉబ్బిన కుక్కకు కొవ్వు బాగా తగ్గించాలి. ఇంట్లో వండేట్టయితే తోలు తీసిన కోడి రొమ్ముమాంసం ఉడికించి, పైన తేలిన కొవ్వు తీసేసి, మెత్తని అన్నంతోనో ఉడికిన బంగాళదుంపతోనో కలపవచ్చు. నెయ్యి, నూనె, ఉల్లిపాయ వద్దు. ఉల్లి కుక్క ఎర్రరక్తకణాలనే విరగ్గొడుతుంది. ఈ తిండి కొన్నాళ్లకే. నెలల తరబడి ఇదే పెడితే కాల్షియం, జింక్, విటమిన్లు అన్నీ తగ్గుతాయి కాబట్టి ఏవి కలపాలో డాక్టరు చేత రాయించుకోవాలి. తిండితో లొంగని కుక్కలకు ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు అవసరమవుతాయి. వాటిని మొదలుపెట్టడం, ఆపడం రెండూ డాక్టరు చెప్పినట్టే జరగాలి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

రక్తం కనిపించిన రోజు ఇంట్లో చేయవలసింది కొంచెమే. కుక్కను గెంతనివ్వకండి, మెడపట్టీ తీసేసి ఛాతీ పట్టీ వేయండి. ముక్కు రక్తానికి తల పైకెత్తకండి, చల్లని గుడ్డ ముక్కుమీద పెట్టండి. నొప్పి ఉందేమోనని మీ ఇంట్లోని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయకండి. వాటితో కుక్క కడుపులో పుండు పడుతుంది, ఆగని రక్తానికి ఇంకో దారి తెరుచుకుంటుంది. ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఎలుకల మందు పెట్టారేమో అడగండి. పెట్టి ఉంటే డబ్బా వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు అందులోని మందు పేరు కావాలి. దానికి చికిత్స కొన్ని వారాల పాటు సాగుతుంది, పేగు జబ్బుకైతే పేగు కుదుటపడే దాకా.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి. మలం పలచబడటం ఎప్పటినుంచి, ఎన్ని రోజులకోసారి, ఇప్పటిదాకా వేసిన మందులు ఏమిటి, ఆర్నెల్ల కిందట కుక్క బరువెంత. కె1 మొదలుపెట్టాక డాక్టరు ఆపమన్నప్పుడు, ఆపిన రెండు రోజులకు పి.టి. మళ్లీ చూపించండి. అప్పుడు మామూలుగా ఉంటే ఆపినట్టే. పెరిగి ఉంటే పేగు ఇంకా కె ను లోపలికి రానివ్వడం లేదన్నమాట, సూదులు ఇంకొన్నాళ్లు సాగుతాయి.